విలన్ గెలిచిన మర్నాడు

విలన్ గెలిచే కామిక్స్ అంటే ఇష్టమని చెబితే చాలు, ఎదుటివాళ్లు నా మొహం ఒకసారి పరకాయించి చూస్తారు. మనిషిలో ఏదో తేడా ఉందనుకుంటారు కాబోలు. నిజానికి నేను క్యూలో ఒకళ్లను దాటి ముందుకు వెళ్లే రకం కూడా కాదు. నా గొడవల్లా ఒక్కటే. హీరో గెలిచాక కథలో ఏమీ జరగదు. నిన్న ఎలా ఉన్న లోకం రేపూ అలాగే ఉంటుంది. హీరోది కాపలా పని. ఏదో ఒకటి మార్చేద్దామని తెల్లారి లేచేది విలనే.

ఒకప్పుడు అలా రాయకపోతే ఒప్పుకునేవాళ్లు కాదు. 1954లో అమెరికా కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే ఒక కోడ్ పెట్టుకున్నారు. ప్రతి కథలోనూ మంచే గెలవాలి, నేరం చేసినవాడికి శిక్ష పడాలి. కోడ్ పాటించినట్టు అట్ట మీద ముద్ర లేని పుస్తకాన్ని అమ్మడానికి చాలామంది ముందుకొచ్చేవాళ్లు కాదు. పెద్ద కామిక్స్ కంపెనీల్లో మార్వెల్ 2001లో ఆ కోడ్‌ను వదిలించుకుంది, డీసీ 2011 దాకా ఈడ్చింది. చివరి పేజీ ఏమిటో ముందే తెలిసిపోయే కథలు చదువుతూ తరాలు పెరిగాయన్నమాట.

అందుకే 1986లో మొదలైన 'వాచ్‌మెన్' అంత గట్టిగా తగిలింది. (చదవనివాళ్లు ఈ పేరా దాటేయండి, నన్ను తిట్టుకోకండి.) పన్నెండు సంచికల కథ. అణుయుద్ధం ఆపాలంటే న్యూయార్క్‌లో లక్షలమందిని చంపి, ఆ నేరం గ్రహాంతర జీవి మీదకు నెట్టాలన్నది విలన్ ఓజిమాండియాస్ లెక్క. పదకొండో సంచికలో ఇద్దరు హీరోలు మంచులో పడి వాడి కోటకు చేరతారు. వాడు తీరిగ్గా పథకమంతా వివరిస్తాడు. ఎప్పుడు చేద్దామనుకున్నావని అడిగితే, అప్పటికే ముప్పై ఐదు నిమిషాలైందంటాడు. పన్నెండో సంచిక తెరిస్తే పేజీకి ఒకే బొమ్మ, అన్నీ శవాలే, ఎవరూ నోరు విప్పరు. నేను ఆ పేజీలు తిప్పింది రాత్రి పదకొండు దాటాక. పొద్దున్నే ఆఫీసు. నిద్ర పడితే ఒట్టు. శవాలకంటే నన్ను ఎక్కువ పీడించింది, వాడి లెక్క సరిపోవడం. యుద్ధం నిజంగానే ఆగిపోతుంది. నిజం బయటపెడితే ఆ శాంతి కూలుతుందని హీరోలే నోరు మూసుకుంటారు. ఒప్పుకోనివాడు ఒక్కడు, రోర్షాక్. వాణ్ణి చంపేది విలన్ కాదు, సాటి హీరో.

అలాగని గెలిచిన ప్రతి విలనూ నచ్చాలని లేదు. 2003లో వచ్చిన 'వాంటెడ్'లో విలన్లందరూ ఒక్కటై హీరోలను ఎప్పుడో మట్టుబెట్టేసి లోకాన్ని పంచుకు తింటుంటారు. ఆలోచన బ్రహ్మాండం. కానీ పేజీలు గడిచేకొద్దీ బూతులు, రక్తం, మళ్లీ బూతులు. గెలుపును ఏం చేసుకోవాలో విలన్లకే తెలియకపోతే మనకెందుకు ఆసక్తి?

ఇందులో పాఠకుల చెయ్యీ ఉందని ఒప్పుకోవాలి. 1988లో డీసీ రెండు ఫోన్ నంబర్లు ఇచ్చి, విలన్ జోకర్ చేతిలో చిక్కిన, బ్యాట్‌మన్ పక్కనుండే కుర్రాడు రాబిన్ బతకాలో చావాలో మీరే తేల్చండంది. అప్పటి రాబిన్ జేసన్ టాడ్. బతకాలని 5,271 ఓట్లు, చావాలని 5,343. డెబ్బై రెండు ఓట్ల తేడాతో కుర్రాడు పోయాడు. ఫోన్ చేసి, డబ్బులు కట్టి మరీ చంపారు! వాళ్లను నేను తప్పుపట్టలేను. ఎన్ని దెబ్బలు తగిలినా వచ్చే నెల లేచి నిలబడే లోకంలో, ఒక్కసారైనా జరిగింది జరిగినట్టే ఉండాలని ఎవరికి ఉండదు? అదీ నిలవలేదనుకోండి. 2005లో జేసన్ తిరిగొచ్చాడు.

గెలిచినవాడి మర్నాడు ఎలా ఉంటుందో చూడాలంటే మార్వెల్ విలన్ థానోస్ దగ్గరికి వెళ్లాలి. 1991 నాటి 'ఇన్ఫినిటీ గాంట్లెట్'లో చిటిక వేసి సగం జీవరాశిని మాయం చేసింది దేనికనుకున్నారు? మృత్యుదేవత మనసు గెలవడానికి. ఆవిడ కన్నెత్తి చూడదు. చివరికి పొలం దున్నుకుంటూ మిగులుతాడు పాపం.

నాకన్నిటికంటే ఇష్టమైంది మాత్రం 1987 నాటి 'ఎంపరర్ డూమ్'. మనుషుల మనసుల్ని లొంగదీసే శక్తి ఉన్న పర్పుల్ మ్యాన్‌ను వాడుకుని డాక్టర్ డూమ్ భూమి మొత్తానికి రాజైపోతాడు. సైన్యం కదిలే పనే ఉండదు. పైగా బాగా పాలిస్తాడు. యుద్ధాలు ఆగుతాయి, ఆకలి తగ్గుతుంది. హీరోలు కూడా ఆనందంగా సలాము కొడుతుంటారు. అంతటి డూమ్ ఏం చేస్తుంటాడంటే, ఫైళ్లు, నివేదికలు, మళ్లీ నివేదికలు. ముసుగు వెనక ముఖం కనపడకపోయినా విసుగు మాత్రం దాగదు. ఆఖరికి హీరోలు తేరుకుని మీదికొచ్చినప్పుడు సింహాసనం కోసం పెద్దగా పెనుగులాడడు కూడా. ఇన్నాళ్లకు కొట్లాడటానికి ఎవరో వచ్చారు కదా!