రెండు చుక్కల దోషం

తిరుపతిలో పెళ్లి ఫొటోల స్టూడియో పెట్టదలచినవారు కెమెరా కొనడానికి ముందే పంచాంగకర్తలతో ఒక ఒప్పందం చేసుకోవాలని నా నిశ్చితాభిప్రాయం. మా స్టూడియోలో లైనక్స్ (విండోస్ వంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటరు ముందు కూర్చునే కుర్రవాడు బహు శ్రద్ధాళువు. జీలకర్రబెల్లం ఫొటోకు 'ముహూర్తం 10:35' అనీ, అనుమానం కలిగిన ఫొటోకు 'మామగారు నవ్వారా?' అనీ పేర్లు పెట్టి, రాత్రికి రాత్రే అన్నింటినీ ఒకే ఫైలుగా మూటగట్టి, అంటే ఆర్కైవు కట్టి, బ్యాకప్ డిస్కులో దాచేవాడు.

ఆ కంప్యూటరు హార్డ్ డిస్కు పోయిన నాడు, పక్క గదిలోని విండోస్ యంత్రంలోకి బ్యాకప్‌ను తిరిగి తీయడం, అంటే రిస్టోరు, మొదలుపెట్టాము. మామగారి నవ్వు దగ్గర ఎర్రరు 123 వచ్చింది. పేరు సరిగా లేదని దాని అర్థం. అది మేలు, ఎందుకంటే దోషం కనీసం నోరు విప్పి చెప్పింది. ముహూర్తాల సంగతి అలా కాదు. లైనక్స్‌కు ఫైలు పేరులో పనికిరానివి ఏటవాలు గీత, సున్నా విలువ గల బైటు మాత్రమే కాగా, విండోస్‌కు నిషిద్ధమైన గుర్తులు సరిగ్గా తొమ్మిది, అంటే నవగ్రహాలన్నమాట. మామగారి ప్రశ్నార్థకం వాటిలో ఒకటి. రాహుకేతువులు మాత్రం 10:35 నడుమ ఉన్న రెండు చుక్కలు. విండోస్ డిస్కులో ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో ఆ చుక్కల తరువాత వచ్చేది ఫైలు లోపల దాగే మరో ప్రవాహపు పేరు కనుక, 'ముహూర్తం 10' అనే సున్నా బైట్ల ఫైలు ఒకటి పైకి కనిపించింది, పెళ్లి మొత్తం దాని కడుపులోకి పోయింది. 10:35 పెళ్లీ, 10:42 పెళ్లీ ఒకే ఖాళీ ఫైలులో కాపురం పెట్టాయి. రిస్టోరు మాత్రం ముహూర్తాల గురించి ఒక్క ఫిర్యాదూ చేయలేదు.

"మా పాప తాళిబొట్టు ఫొటో యాడప్పా?" అని వధువు తండ్రి అడిగితే, ప్రవాహంలో ఉందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. శ్రీకాళహస్తి దగ్గరే అయినా ఈ రాహుకేతు దోషానికి అక్కడ పూజ లేదు. బ్యాకప్‌ను అంతకుముందు ఒక్కసారైనా తిరిగి తీసి చూశారా అని ఎవరో అడిగారు. శుభకార్యాల వ్యాపారంలో అటువంటి అపశకునపు మాటలు తగవు.

చివరకు పెన్ డ్రైవు నుంచి లైనక్స్ నడిపి, ఆర్కైవును అక్కడే విప్పి, చుక్కల స్థానంలో అడ్డగీతలు పెట్టి, ఆ తరువాతే విండోస్‌కు పంపించాము. అన్ని ఫొటోలూ దొరికాయి. కుర్రవాడు సంతోషం పట్టలేక ఆ రాత్రే కొత్త బ్యాకప్ తీసి, దానికి 'అన్నీ వచ్చాయా?' అని పేరు పెట్టాడు.