కొండలు రెండు మాత్రమే గీయవలెను

డ్రాయింగ్ పోటీలకి జడ్జీగా పోవడం ఆషామాషీ కాదు. ముందుగా మనకి బొమ్మలెయ్యడం వచ్చుండకూడదు, వచ్చినోడైతే షేడింగు గీడింగు అని నానా యాగీ చేసి మధ్యాన్నం భోజనాల టైముకి కూడా తేల్చడు, ముఖ్య అతిథేమో ఇంకో రెండు ఓపెనింగులకి పోవాల.

మా నెల్లూరులో టాపిక్ 'మా ఊరు' అన్నా 'నీటి పొదుపు' అన్నా వచ్చే బొమ్మ ఒకటే. రెండు కొండలు, నడిమధ్యన సూర్యుడు, కిందికి ఏరు, గట్టున పెంకుటిల్లు, కొబ్బరిచెట్టు, పైన నాలుగు కాకులు, అడుగున 'సూర్యోదయం' అని పేరు. దీనికి కొందరు మేధావులు లేచి, మనకి కొండలంటే పడమట వెలిగొండలే గదా, పొద్దు పొడిచేది మైపాడు సముద్రం పక్కన గదా, ఈ లెక్కన వాడు గీసింది సాయంత్రం గదా అంటారు. వీళ్ళ మాట వింటే ఫస్ట్ ప్రైజు ఎవరికియ్యాల? ఏడాదికొకసారి పొద్దు ఉదయగిరి పక్కనించి పొడిస్తే పోయిందేముందబ్బా.

అసలు తలనొప్పి చూసింది చూసినట్టు గీసే పిల్లలతోనే. ఒక పాప పులికాట్ సరస్సు వేసింది, బురదనీళ్ళు, ఒంటికాలి మీద ఫ్లెమింగోలు, అంతా బానే ఉండాది, కానీ రెండిటికి బూడిద రంగేసింది. పింక్ క్రేయాన్ అరిగిపోయిందామ్మా అన్నా. లేద్సార్, అవి పిల్లలు, నాచూ చిన్న రొయ్యలూ తినీ తినీ పెద్దయ్యాకే పింకు వస్తాది అనింది. నిజమే, కానీ జడ్జీ కుర్చీలో కూర్చున్నోడు పక్షి రంగు ఐదో క్లాసు పాపనడిగి తెలుసుకుంటే ఇంక ఆ కుర్చీకి విలువేముంటాది? మార్కులు కోసి, 'రంగుల ఎంపికలో శ్రద్ధ అవసరం' అని రాసి సంతకం పెట్టా.

ఇంకొకడు ఒంగోలు గిత్తకి ఇంత ఎత్తు మూపురం పెట్టాడు, మా పక్క జడ్జీ ఒంటె బానే వచ్చిందన్నాడు. బ్రెజిల్ వాళ్ళు ఆ జాతిని నెలోర్ అని మన ఊరి పేరుతోనే మేపుకుంటన్నారంట, వాళ్ళు గుర్తుపట్టారని మనం కూడా పట్టాలని రూలేం లేదు గదా.

కిటికీ బయట నిలబడి 'ఎర్రదెయ్ నాయనా, ఎర్రది' అని సైగలు చేసే అమ్మలకి మాత్రం సెకండ్ ప్రైజు ఖాయం. ఫస్ట్ ప్రైజు రెండు కొండల పిల్లోడికే ఇచ్చాం, వాడు ముఖ్య అతిథిగారి మనవడు కావడం కేవలం కాకతాళీయం. మిగిలినోళ్ళకి తలా ఒక స్కెచ్ పెన్నుల ప్యాకెట్, అందులో బూడిద రంగు లేకుండా నేనే షాపులో దగ్గరుండి చూసి కొనిపించా.