స్క్రూడ్రైవర్ పెడితే ఛార్జ్ మొత్తం పోయినట్టేనా?

ఇందాక గవర్నర్‌పేటలో ఒక రిపేర్ షాపులో ఉన్నాను. బల్ల మీద ఇన్వర్టర్ ఏసీ బోర్డు. కుర్రాడు పెద్ద కెపాసిటర్ (ఛార్జ్ దాచుకునే భాగం) కాళ్ల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టాడు, టప్‌మంది. ఇంకో పని చూసుకుని వచ్చి బోర్డు పట్టుకుంటే షాక్ కొట్టింది. చెయ్యి లాక్కోవడంలో హీట్‌సింక్ అంచు కోసుకుని రక్తం. ఓనర్ ఏమన్నాడో తెలుసా? "ఏరా, డిశ్చార్జ్ చేశానని అబద్ధాలు చెప్తావా?"

వాడు చేశాడండీ! నేను కళ్లారా చూశాను. నేను చెప్పినా వినడే!

ఇరవయ్యేళ్లుగా షాపు నడుపుతున్న మనిషికి ఈ మాత్రం తెలియదా? కెపాసిటర్‌ని ఒక్క క్షణం షార్ట్ చేస్తే, అంటే రెండు కాళ్లనీ నేరుగా కలిపితే, లోపలి రేకుల మీది ఛార్జ్ పోతుంది. ఆ రేకుల మధ్యలో ఉన్న డైఎలక్ట్రిక్, అంటే కరెంటు పారనివ్వని పొర మాత్రం అంత తొందరగా మామూలు స్థితికి రాదు. స్క్రూడ్రైవర్ తీశాక అది మెల్లగా సర్దుకుంటూ కాళ్ల మధ్య మళ్లీ వోల్టేజ్ పుట్టిస్తుంది. పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) పొర ఉన్న కెపాసిటర్లలో ఇది చాలా తక్కువ. ఇలాంటి బోర్డుల మీద ఉండే ఎలక్ట్రోలైటిక్ రకంలో మొదటి వోల్టేజ్‌లో 10 శాతం దాకా తిరిగి రావచ్చు. మన 230 వోల్టులని డీసీ చేస్తే 325, అందులో పదో వంతంటే 30 పైనే. బెజవాడ ఉక్కపోతలో చెమట పట్టిన చేతికి అది తగలదా? మొట్టమొదటి కెపాసిటర్లయిన లీడెన్ జాడీల కాలం నుంచీ, అంటే 18వ శతాబ్దం నుంచీ తెలిసిన సంగతి ఇది!

అసలు స్క్రూడ్రైవరే తప్పు. ఆ నిప్పురవ్వకి బోర్డు ట్రాక్ కాలుతుంది. కాస్త వాటేజ్ ఉన్న రెసిస్టర్ పెట్టి కాసేపు ఉంచాలి, ముట్టుకునే ముందు మీటర్‌తో మళ్లీ చూడాలి. ఆ రెసిస్టర్ ఎంతండీ, టీ ఖరీదు! అది కొనివ్వకుండా కుర్రాణ్ని దొంగని చేస్తారా?

వాడూ డిప్లొమానే. నేను గుంటూరులో చదివినప్పుడు కెపాసిటర్ అంటే రికార్డులో ఒక గ్రాఫు. గీత సున్నాకి వచ్చిందా, సంతకం. షార్ట్ తీసేసి మీటర్ అలాగే ఉంచి చూడండ్రా అని ఒక్క సార్ అనలేదు. అడిగితే "సిలబస్‌లో లేదు, కూర్చో". ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తే ఆయన భోజనాలకి మా దగ్గర తలా ఇంత వసూలు చేశారు, ల్యాబ్‌లో పనిచేసే మీటర్లు మాత్రం కొనలేదు. ఇప్పుడు మా బ్యాచ్ వాళ్లు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో 415 వోల్టుల కెపాసిటర్ ప్యానెళ్లు విప్పుతున్నారు. మెయిన్ ఆపాక ఎంతసేపు ఆగాలో వాళ్లకి ఎవరు చెప్పారు?