సంతకం పడినంత మాత్రాన సిగ్నల్ రాదు

2000 నుంచి 2003 వరకు అమెరికా టెలికాం కంపెనీ లూసెంట్ దాదాపు వెయ్యి మంది చైనా ప్రభుత్వ ఉద్యోగులను విదేశాలకు తీసుకెళ్లింది. వాళ్లలో ఎక్కువ మంది ప్రభుత్వ టెలికాం సంస్థల వాళ్లే. సుమారు 315 ట్రిప్పులు, కోటి డాలర్లకు పైగా ఖర్చు. లెక్కల్లో రాసింది ఫ్యాక్టరీ సందర్శన, శిక్షణ అని. వాళ్లు తిరిగినవి హవాయి, లాస్ వెగాస్, గ్రాండ్ కాన్యన్, నయాగరా, డిస్నీ వరల్డ్. 2001 నాటికే లూసెంట్ తన తయారీ పనిలో చాలాభాగం బయటి కంపెనీలకు అప్పగించేసింది కాబట్టి చూపించడానికి ఫ్యాక్టరీలు కూడా పెద్దగా మిగల్లేదు. చివరికి 2007 డిసెంబరులో ఈ ట్రిప్పుల మీద అమెరికా ప్రభుత్వం పెట్టిన కేసును మొత్తం 25 లక్షల డాలర్లు కట్టి ముగించుకుంది.

సరిగ్గా ఆ ఏళ్లలోనే చైనాలో సీడీఎంఏ అనే మొబైల్ ఫోన్ టెక్నాలజీతో ఒక నెట్‌వర్క్ లేచింది. దానికి పరికరాలు అందించిన కంపెనీల్లో లూసెంట్ ఒకటి. ఆ ట్రిప్పులన్నీ సీడీఎంఏ కోసమేనని నేను అనడం లేదు. కానీ ఒక వైర్‌లెస్ టెక్నాలజీని ఒక దేశానికి అమ్మాలంటే విమానాలు ఎంత ఎక్కాలో, ఎవరెవరిని ఎక్కించాలో అర్థం కావడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. మంత్రులు వెళ్లారు, సీఈఓలు వెళ్లారు, ప్రధానులు ఎదురు వచ్చారు. ఇంత చేసి అమ్మినవాళ్లకు ఏం దక్కింది, కొన్నవాళ్లకు ఏం దక్కింది అనే లెక్క మాత్రం మన దగ్గర ఎవరూ శ్రద్ధగా వేయలేదు. నాకు తెలిసినంతలో ఆ బేరంలో గెలిచింది చైనాయే. ప్రతి సందర్శననూ అది తన అవసరానికి వాడుకుంది.

ముందు ఈ సీడీఎంఏ ఏమిటో చూద్దాం. సికింద్రాబాద్ స్టేషన్‌లో ఒకే ప్లాట్‌ఫాం మీద తెలుగు, హిందీ, తమిళం, ఒడియా ఒకేసారి వినిపిస్తుంటాయి. అంత గోలలోనూ మన చెవి తెలుగు మాటను పట్టుకుంటుంది. సీడీఎంఏ పద్ధతి అదే. అందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో మాట్లాడతారు. ఒక్కో కాల్‌కు ఒక్కో కోడ్ ఉంటుంది, ఆ కోడ్ తెలిసిన రిసీవర్‌కు మిగతాదంతా నేపథ్య శబ్దమే. దానికి పోటీ అయిన జీఎస్‌ఎం పద్ధతిలో అలా కాదు, వంతులవారీగా ఒక్కొక్కరికి చిన్న చిన్న సమయం కేటాయిస్తారు. ప్లాట్‌ఫాం మీద ఒకడు గట్టిగా అరిస్తే పక్కవాళ్ల మాటలు వినపడవు కదా, సీడీఎంఏకీ అదే చిక్కు. టవర్‌కు దగ్గరున్న ఫోన్ దూరంగా ఉన్న ఫోన్‌ను ముంచేస్తుంది. దీన్ని దాటడానికి సెకనుకు 800 సార్లు ఫోన్ పవర్‌ను సరిచేసే ఏర్పాటు చేశారు శాన్ డియాగోలోని క్వాల్‌కమ్ ఇంజనీర్లు. 1985లో ఇర్విన్ జేకబ్స్, ఆండ్రూ విటెర్బీ మరికొందరితో కలిసి పెట్టిన కంపెనీ అది. టెక్నాలజీ గొప్పదే. ఆ తర్వాత వచ్చిన ప్రధాన 3జీ ప్రమాణాలన్నీ ఈ కోడ్ పద్ధతి మీదే నడిచాయి. ఆ ఇంజనీర్ల మీద నాకు పూర్తి గౌరవం ఉంది.

అయితే చైనాలో వాళ్లు ఆలస్యంగా తలుపు తట్టారు. 1990ల మధ్యకే ఎరిక్సన్, నోకియా, సీమెన్స్ లాంటి యూరప్ కంపెనీల పరికరాలతో అక్కడ జీఎస్‌ఎం వేళ్లూనుకుంది. సీడీఎంఏకి హాంకాంగ్‌లో 1995లో, దక్షిణ కొరియాలో 1996లో వాణిజ్య సేవలు మొదలయ్యాయి కానీ చైనా లోపల దానికి దొరికిన మొదటి స్నేహితుడు సైన్యం. ప్రజా విముక్తి సేన చేతిలో ఉన్న ఫ్రీక్వెన్సీలతో, చైనా టెలికాంతో కలిసి గ్రేట్ వాల్ పేరిట బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌ఝౌ, షియాన్ నగరాల్లో ట్రయల్ నెట్‌వర్క్ నడిచింది. 1998 జులైలో సైన్యం వ్యాపారాలు మానుకోవాలని చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ ఆదేశించారు. ఆ నాలుగు నగరాల నెట్‌వర్క్ కొంతకాలానికి చైనా యూనికామ్ చేతికి వచ్చింది. యూనికామ్ 1994లో పుట్టిన రెండో ఆపరేటర్. అప్పటికే జీఎస్‌ఎం నడుపుతోంది. రెండో టెక్నాలజీ భారం ఎందుకు ఎత్తుకోవాలన్నది దానికి సహజంగానే వచ్చే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు ఇంజనీర్లు చెప్పలేదు. 1999 ఏప్రిల్‌లో ప్రధాని ఝూ రోంగ్‌జీ అమెరికా వెళ్లారు. ప్రపంచ వాణిజ్య సంస్థలో చైనా చేరికకు అమెరికా ఒప్పుకోవాలి, దానికి బదులుగా ఏమివ్వాలన్నదే బేరం. గోధుమలు, బీమా, బ్యాంకులతో పాటు సీడీఎంఏ కూడా ఆ బేరంలో ఒక వస్తువైంది. ఆ ట్రిప్పులో ఒప్పందం కుదరలేదు. నెల తిరిగేసరికి బెల్‌గ్రేడ్‌లో చైనా ఎంబసీ మీద అమెరికా బాంబులు పడి ముగ్గురు చనిపోయారు, చర్చలు ఆగిపోయాయి. చివరకు నవంబరు 15న బీజింగ్‌లో సంతకాలయ్యాయి. 2000 ఫిబ్రవరిలో యూనికామ్, క్వాల్‌కమ్ ఒక ప్రాథమిక ఒప్పందం చేసుకున్నాయి. శాన్ డియాగోలో సంబరం. కొన్ని నెలలకే యూనికామ్ ఆ తరం సీడీఎంఏ వేయబోమని వెనక్కి తగ్గింది. అప్పుడు యూనికామ్ హాంకాంగ్, న్యూయార్క్ స్టాక్ మార్కెట్లలోకి అడుగుపెడుతోంది. అంత ఖర్చు నెత్తిన పెట్టుకుని మదుపుదార్ల ముందుకు ఎలా వెళ్తుంది? క్వాల్‌కమ్ షేరు పడిపోయింది. ఆ ఏడాది చివర్లో మళ్లీ మాట మారింది. 2001 మేలో కాంట్రాక్టులు ఇచ్చారు. 2002 జనవరిలో సేవలు మొదలయ్యాయి.

ఈ ఊగిసలాటను చాలామంది చైనా మొండితనం అనుకుంటారు. నేనలా అనుకోను. ఒప్పుకోవడం, ఆపడం, మళ్లీ ఒప్పుకోవడం మధ్య చైనా ఏం రాబట్టుకుందో చూడండి.

మొదటిది, కార్డు. అమెరికాలో సీడీఎంఏ ఫోన్‌కు సిమ్ ఉండేది కాదు, నంబరు ఫోన్‌లోనే ఉండేది. చైనా జనానికి సిమ్ మార్చుకోవడం అప్పటికే అలవాటు. అందుకని సీడీఎంఏకి కూడా తీసి పెట్టుకునే కార్డు కావాలని యూనికామ్ పట్టుబట్టి సాధించింది. మన దగ్గర 2003లో 501 రూపాయలు కట్టి రిలయన్స్ ఫోన్ తీసుకున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ ఫోన్‌లో సిమ్ లేదు. సెట్ మార్చాలన్నా కంపెనీ దగ్గరికే వెళ్లాలి. అదే శాన్ డియాగో టెక్నాలజీ, ఒక దేశం అడిగింది కాబట్టి అక్కడ కార్డు వచ్చింది.

రెండోది, తయారీ. జడ్‌టీఈ లాంటి సొంత కంపెనీలకు నెట్‌వర్క్ కాంట్రాక్టుల్లో వాటా, ఫోన్లు చేసే చైనా కంపెనీలకు లైసెన్సులు. మూడోది, పేటెంట్ల వాడకానికి క్వాల్‌కమ్‌కు కట్టే రాయల్టీ. చైనాలో అమ్మే సెట్లకు 2.65 శాతం, ఎగుమతి చేసేవాటికి 7 శాతం అని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2006లో మన దేశంలో రిలయన్స్ కమ్యూనికేషన్స్ క్వాల్‌కమ్ రాయల్టీ మీద బహిరంగంగా తగువు పెట్టుకున్నప్పుడు, చైనాకు ఒక రేటు మాకు ఒక రేటా అన్న మాట గట్టిగా వినిపించింది. నెట్‌వర్క్ వేసి, కోట్ల మంది కస్టమర్లను చేర్చుకున్నాక అడిగితే ఎవరు తగ్గిస్తారు? చైనా ముందే అడిగింది. ఆ తేడా నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఇంత బేరం తర్వాత కూడా చైనాలో సీడీఎంఏ తనంతట తాను నడవలేదు. రేడియేషన్ తక్కువ, ఆరోగ్యానికి మంచిదని ప్రచారం చేశారు. కాల్ చార్జీలు ముందే కట్టినవాళ్లకు ఫోన్ ఉచితంగా ఇచ్చారు. మొదటి ఏడాదిలో 70 లక్షల మందిని చేర్చాలన్న లక్ష్యాన్ని ఆ సబ్సిడీలతోనే అందుకున్నారు, ఆ భారం యూనికామ్ లాభాల మీద పడింది. ఒకే కంపెనీ రెండు నెట్‌వర్కులు నడిపితే ఒకదాని కస్టమర్‌ను ఇంకోటి లాక్కుంటుంది. 2008 నాటికి నాలుగు కోట్లకు పైగా సీడీఎంఏ కస్టమర్లున్నారు, అయినా యూనికామ్ దాన్ని వదిలించుకుంది. చైనా టెలికాం గ్రూపు వ్యాపారానికి 4,380 కోట్ల యువాన్లు, నెట్‌వర్క్‌కు 6,620 కోట్లు ఇచ్చి తీసుకుంది. 2009 జనవరిలో 3జీ లైసెన్సులు ఇచ్చినప్పుడు అన్నిటికంటే పెద్ద ఆపరేటర్ చైనా మొబైల్‌కు ఇచ్చింది దేశంలోనే పెంచుకున్న టీడీ-ఎస్‌సీడీఎంఏ అనే 3జీ ప్రమాణం.

అదే కాలంలో చైనాలో ఇంకో వైర్‌లెస్ ఫోన్ ఏ ప్రధాని పర్యటనా లేకుండా పాకింది. జపాన్‌లో పుట్టిన పీహెచ్ఎస్, చైనా వాళ్ల పిలుపులో షియావోలింగ్‌టోంగ్. హాంగ్‌ఝౌ పక్కనున్న యూహాంగ్‌లో 1998లో మొదలై తొమ్మిది కోట్ల మంది దాకా వెళ్లింది. ఊరు దాటితే పనిచేయదు, బస్సులో వెళ్తుంటే కట్ అవుతుంది. కానీ ల్యాండ్‌లైన్ ధరకే చేతిలో ఫోన్. మొబైల్ లైసెన్స్ లేని ల్యాండ్‌లైన్ కంపెనీలకు అది ఊపిరి పోసింది. సామాన్యుడికి చవక, అమ్మేవాడికి అవసరం, ఈ రెండూ కలిస్తే చాలు. అయితే ఆ పరికరాలు అమ్మిన యూటీస్టార్‌కామ్ కూడా శిక్షణ పేరుతో చైనా ఉద్యోగులను వందలసార్లు విదేశీ విహారాలకు పంపింది. 2002 నుంచి 2007 వరకు దాదాపు 70 లక్షల డాలర్లు. 2009 చివర్లో 30 లక్షల డాలర్ల జరిమానా కట్టింది. క్వాల్‌కమ్ కూడా చైనా అధికారుల బంధువులకు ఉద్యోగాలు, ఇంకా బహుమతులు, ప్రయాణాలు ఇచ్చిందన్న అభియోగాల మీద 2016లో 75 లక్షల డాలర్లు చెల్లించింది. ముగ్గురూ అదే దారిలో దొరికిపోయారంటే అది ఏ ఒక్క కంపెనీ తప్పో కాదు. కొనేవాడు ప్రభుత్వ ఉద్యోగి అయినచోట సందర్శన అనే మాటకు, లంచం అనే మాటకు మధ్య గోడ చాలా పలచన. ఆ డబ్బు చివరికి ఫోన్ బిల్లు కట్టే మనిషి మీదే పడుతుంది.

పర్యటనల మీద నమ్మకం మాత్రం తగ్గలేదు. 2017 నవంబరులో ట్రంప్ బీజింగ్ వెళ్లినప్పుడు 25,000 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఒప్పందాలు ప్రకటించారు. అందులో షావోమీ, ఒప్పో, వివోలతో క్వాల్‌కమ్ కుదుర్చుకున్న 1,200 కోట్ల డాలర్ల అవగాహన పత్రాలున్నాయి. ఆ మూడు కంపెనీలూ అప్పటికే క్వాల్‌కమ్ చిప్‌లు కొంటున్నాయి. తొమ్మిది నెలలు తిరగకముందే, 2018 జులైలో, చైనా అనుమతి రాకపోవడంతో ఎన్ఎక్స్‌పీ అనే చిప్ కంపెనీని 4,400 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందాన్ని క్వాల్‌కమ్ వదులుకోవాల్సి వచ్చింది. అంతకుముందు 2015లో గుత్తాధిపత్యం కింద 608.8 కోట్ల యువాన్ల జరిమానా వేసి, రాయల్టీని ఫోన్ పూర్తి ధర మీద కాక 65 శాతం మీదే లెక్కించేలా చేసింది ఇదే చైనా. ఫొటోల్లో కరచాలనం చేసిన చేతికి ఫైల్ ఆపే అధికారం కూడా ఉంటుంది.

2010 ప్రాంతంలో అమీర్‌పేట హాస్టళ్లలో కోచింగ్‌కు వచ్చిన కుర్రాళ్ల దగ్గర కంప్యూటర్‌కు తగిలించి ఇంటర్నెట్ వాడుకునే టాటా ఫోటాన్ ప్లస్ డాంగిల్ ఉండేది. నేనూ వాడాను. గదిలో నలుగురం వంతులేసుకుని దాంతోనే రెజ్యూమెలు పంపుకున్నాం. అది నడిచింది సీడీఎంఏ మీదే. పేటెంట్లు శాన్ డియాగోవి, పేరు టాటాది. మూత తీసి కార్డు పెట్టేచోట సన్నని అక్షరాల్లో హువావే అని ఉండేది, దాని కింద మేడ్ ఇన్ చైనా అని.