ఒకే గదిలో మూడు భూములు

శిక్షణ అంటే ఒక పద్ధతి ఉండేది. తెర మీద 'చేసి నేర్చుకుందాం' అన్న స్లైడు, ఎదురుగా చేతులు కట్టుకుని మేము. సాయంత్రం సంతకం పెట్టి చేతులు దులుపుకుని వచ్చేసేవాళ్లం. ఆ మర్యాద ఈసారి మంటగలిసింది. హైస్కూలు ఫిజిక్స్ మాస్టర్లమైన మా చేతికి దారం, గుండు, స్టాప్‌వాచ్ ఇచ్చి గురుత్వ త్వరణం, అంటే భూమి లాగుడుకి పడే వస్తువు వేగం సెకనుకెంత పెరుగుతుందో, కనుక్కోమన్నారు.

కనుక్కోవడమేమిటి? 9.8 అని పుస్తకంలో ఉంది కదా! మా పిల్లలు రికార్డుల్లో ఏనాడూ ఇంకో అంకె రాసి ఎరగరు. జవాబు ముందు వేసుకుని, దాన్నుంచి రీడింగులు వెనక్కి లాగే విద్య వాళ్లకి అబ్బడానికి మేమెంత శ్రమపడ్డామో పైవాళ్లకేం తెలుసు.

సరే, మీటరు పొడవున లోలకం కట్టాం. 20 డోలనాలకి, అంటే 20 సార్లు ఊగి రావడానికి, పట్టిన కాలాన్ని 20తో భాగించి, దాన్నీ పొడవునీ సూత్రంలో వేస్తే గురుత్వ త్వరణం రావాలి. మా బల్ల దగ్గర 10.9 తేలింది. పక్క బల్లకి 8.5. కిటికీ దగ్గరవాళ్లకి 9.7, అప్పుడే కాస్త గర్వం కూడా. ఒకే గదిలో మూడు భూములు.

శిక్షకురాలు తప్పేమిటో చెప్పలేదు. అదీ అసలు దౌర్జన్యం. "ఎందుకలా వచ్చిందో మీరే చూడండి సార్" అని పక్కకి తప్పుకున్నారు. గంటసేపు కిందామీదా పడితే తేలిందేమిటంటే, నేను గుండు వదులుతూనే 'ఒకటి' అన్నాను. 'సున్నా' అనాలిట. లెక్కపెట్టినవి 20, ఊగినవి 19. 22 ఏళ్ల సర్వీసున్నవాడికి ఒంట్లు రావని అలా నలుగురి ముందూ రుజువైంది. పక్క బల్లవాళ్లు గుండుని 60 డిగ్రీలు లాగి ఉయ్యాల ఊపారు. సూత్రం చిన్న కోణాలకే చెల్లుతుందని ఏటా బోర్డు మీద గీత కొట్టి మరీ చెప్పేది వాళ్లే! కిటికీవాళ్ల గర్వం ఒక్క సెంటీమీటరులో దిగిపోయింది: పొడవు ముడి దాకానే కొలిచారు, గుండు మధ్యకి కాదు.

మధ్యాహ్నం రాగి గొట్టంలో అయస్కాంతం వేశారు. రాగికి అంటుకోదు, అయినా తీరిగ్గా, పెళ్లినడకలో దిగింది. కదిలే అయస్కాంతం గొట్టంలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు తనని పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది; లెంజ్ నియమం అంటే అదే. మా పక్కాయన గొట్టంలోకి తొంగిచూసి, "లెంజ్ నియమం 15 ఏళ్లుగా చెబుతున్నానండీ, నిజమని ఎవరూ చెప్పలేదే!" అన్నాడు. గొంతులో సంతోషం వినపడింది. ఉద్యోగానికి అది మంచి లక్షణం కాదు.

రేపు ఏ పిల్లకో 9.3 వస్తే, కొట్టేసి 9.8 వెయ్యమనకుండా "ఎలా వచ్చిందో చూద్దాం రా" అని మాస్టారు బల్ల దగ్గర కూర్చుంటే సిలబస్ ఎప్పటికవుతుంది?

నా జాగ్రత్తలో నేనున్నాను. ల్యాబు బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంది. లోపల స్టాప్‌వాచ్‌లు భద్రం. బ్యాటరీలు కారిపోయి ఉంటాయని మా అటెండరు అనుమానం. అది బీరువా తెరిస్తే గానీ తేలదు, తెరిచే ప్రశ్నే లేదు.