ఇన్‌కమ్ ట్యాక్స్ ఎత్తేస్తే గ్రోత్ వచ్చేస్తుందా? కాన్సస్‌లో ఏం జరిగిందో చూడండి

అమెరికాలో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గించే పోటీ మళ్ళీ ఊపందుకుంది. మిసిసిపి అయితే 2025 మార్చిలో దశలవారీగా మొత్తానికే ఎత్తేసేలా చట్టం చేసేసింది. అన్ని చోట్లా వాదన ఒకటే, పన్ను తగ్గిస్తే కంపెనీలు వస్తాయి, జనం వస్తారు, ఉద్యోగాలు వస్తాయి, వదులుకున్న డబ్బు దానంతట అదే తిరిగొచ్చేస్తుంది అని. ఈ చివరి మాట నిజం కాదు. కాన్సస్ రాష్ట్రం ఐదేళ్ళ పాటు చేసి, దెబ్బ తిని మరీ చూపించింది.

2012లో అక్కడి గవర్నర్ సామ్ బ్రౌన్‌బ్యాక్ ఇన్‌కమ్ ట్యాక్స్ టాప్ రేటుని 6.45 నుంచి 4.9 శాతానికి దించే చట్టం మీద సంతకం పెట్టారు. అంతవరకైతే ఏదోలా సర్దుకునేవాళ్ళేమో, కానీ ఎల్ఎల్‌సీల్లాంటి వాటి (లాభాన్ని ఓనర్ల సొంత ఆదాయంగానే లెక్కేసే కంపెనీలు) ఓనర్లకి వచ్చే బిజినెస్ లాభం మీద స్టేట్ ట్యాక్స్ పూర్తిగా సున్నా చేసేశారు. దీని అర్థం ఏంటంటే, ఒక లాయర్ ఆఫీసులో ఓనర్‌కి ఎల్ఎల్‌సీ ద్వారా వచ్చే లాభానికి పైసా పన్ను లేదు, అదే ఆఫీసులో ఫోన్లెత్తే అమ్మాయికి మాత్రం ప్రతి పేచెక్‌లో కటింగ్ ఉంటుంది! ఇలాంటి రూల్ పెడితే ఎవరైనా ఏం చేస్తారు? కొత్త ఉద్యోగాలు ఇవ్వడం కంటే కొత్త ఎల్ఎల్‌సీ పెట్టుకోవడం సులువు కదా. ఈ మినహాయింపు రెండు లక్షల మంది లోపే వాడుకుంటారని అంచనా వేస్తే, మూడు లక్షల మంది దాటిపోయారు.

2014 బడ్జెట్ సంవత్సరంలోనే ఆదాయం దాదాపు 70 కోట్ల డాలర్లు పడిపోయింది. ఫెడరల్ గవర్నమెంట్ అప్పు చేసి నెట్టుకొస్తుంది, స్టేట్‌కి ఆ వీలు లేదు, బడ్జెట్ బ్యాలెన్స్ చేసి తీరాలి. దాంతో రోడ్ల ఫండ్‌లోంచి డబ్బు లాగారు, స్కూళ్ళకి ఇచ్చేది సరిపోవట్లేదని రాష్ట్ర సుప్రీంకోర్టు చేత చెప్పించుకున్నారు, క్రెడిట్ రేటింగ్ దిగజార్చుకున్నారు. 2015లో సేల్స్ ట్యాక్స్ 6.15 నుంచి 6.5 శాతానికి పెంచారు, అదీ పాలు, గుడ్లు, బ్రెడ్‌తో సహా. చివరికి 2017 జూన్‌లో బ్రౌన్‌బ్యాక్ సొంత పార్టీ మెజారిటీ ఉన్న సభలే ఆయన వీటోని తోసేసి ఆ కోతల్లో చాలా భాగం రద్దు చేశాయి.

నార్త్ కరోలినా సంగతేంటి, అక్కడ రేటు తగ్గించుకుంటూ పోతున్నా బాగానే పెరుగుతోంది కదా అంటారు. పెరుగుతోంది, కాదనను. కానీ అక్కడి టెక్, రీసెర్చ్ కంపెనీల అడ్డా అయిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ 1959లోనే మొదలైంది, పక్కనే మంచి యూనివర్సిటీలు ఉన్నాయి, టాప్ రేటు 7.75 శాతం ఉన్న రోజుల్లోనే మనవాళ్ళు ఆ పార్క్ దగ్గరున్న క్యారీ ఊళ్ళో ఇళ్ళు కొన్నారు. 13.3 శాతం టాప్ రేటున్న కాలిఫోర్నియాకి అయితే వేలమంది తెలుగువాళ్ళు వెళ్ళారు, ట్యాక్స్ చూసి ఆగిపోయారా?

ఇక టెక్సాస్. డల్లాస్‌లో మనవాళ్ళ ఏ గెట్‌టుగెదర్‌కి వెళ్ళినా "ఇక్కడ స్టేట్ ట్యాక్స్ లేదు అన్నా, వచ్చేయండి" అనే మాట వినిపిస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, నిజమే. కానీ స్కూళ్ళు, పోలీసులు, రోడ్లు ఉచితంగా నడవవు కదా, ఆ డబ్బు ప్రాపర్టీ ట్యాక్స్‌లో, సేల్స్ ట్యాక్స్‌లో వసూలైపోతోంది. డల్లాస్ దగ్గర ఫ్రిస్కో వైపు ఐదు లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి ఏడెనిమిది వేలు ప్రాపర్టీ ట్యాక్స్ కట్టడం మామూలు విషయం. అప్రైజల్ వాల్యూ (పన్ను కోసం ఇంటికి కట్టే విలువ) పెరిగిందంటే, పన్ను కోసం లోన్ కంపెనీ దగ్గర దాచే డబ్బు చాలట్లేదని ఎస్క్రో షార్టేజ్ లెటర్ వస్తుంది, వడ్డీ రేటు ఫిక్స్‌డ్ అయినా నెల పేమెంట్ మాత్రం పెరిగిపోతుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే. ఇన్‌కమ్ ట్యాక్స్ మనిషి పరిస్థితిని చూస్తుంది, సంపాదన ఉంటే కడతాం, తగ్గితే తగ్గుతుంది, పోతే పోతుంది. ప్రాపర్టీ ట్యాక్స్‌కి అదేం పట్టదు. హెచ్1బీ మీద ఉన్న కుర్రాడికి లేఆఫ్ అయితే కొత్త జాబ్ వెతుక్కోవడానికి 60 రోజులే టైమ్, ఆ 60 రోజులూ జీతం లేదు కాబట్టి కాలిఫోర్నియాలో ఉన్నవాడికి ఆ జీతం మీద కొత్తగా స్టేట్ ట్యాక్స్ ఉండదు, టెక్సాస్ ఇంటి మీద పన్ను మాత్రం రోజు రోజుకీ పేరుకుంటూనే ఉంటుంది. సొంతిల్లు లేనివాళ్ళకి కూడా తప్పించుకునే దారి లేదు, ఓనర్ కట్టేది అద్దెలో కలిపేస్తాడు.

అందుకే దీన్ని ట్యాక్స్ కట్ అని పిలవడమే తప్పంటాను, ఎక్కువ సంపాదించేవాడి మీంచి తీసి తక్కువ సంపాదించేవాడి మీద పెట్టడం ఇది. మిసిసిపి చట్టాన్నే చూడండి, కిరాణా మీద ట్యాక్స్ 7 నుంచి 5 శాతానికి తగ్గించారు, అది మంచి పనే, ఒప్పుకుంటా. కానీ అదే చట్టంలో పెట్రోల్ మీద గ్యాలన్‌కి 9 సెంట్లు, మూడేళ్ళలో పెంచుతున్నారు. బస్సులు సరిగ్గా లేని పల్లెటూళ్ళ నుంచి పాత కారేసుకుని రోజూ డ్యూటీకి వెళ్ళేవాళ్ళు అక్కడ ఎంతమందో! కోటీశ్వరుడి ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా వైపు దిగుతుంటే, వీళ్ళు ట్యాంకు నింపిన ప్రతిసారీ ఎక్కువ కట్టాలి.