దేవమాలికి ఒంటరిగా వెళ్లేవాళ్లకు

వ్యాన్‌నే ఇల్లుగా మార్చుకుని ఒక్కరే దేవమాలి ఎక్కొచ్చిన మీ కథనం చదివి చాలా సంతోషించాను అమ్మా. మాది సునాబెడ. 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన ఆ శిఖరం మా కొరాపుట్ జిల్లాలోదే.

ఎక్కడం గురించి బాగా రాశారు, దిగడం గురించి ఒక్క మాటా లేదు. సుంకి ఘాట్ మీదుగా సాలూరుకు దిగేటప్పుడే అసలు టెన్షన్. మంచం, నీళ్ల ట్యాంకు, గ్యాస్ సిలిండర్ల బరువుతో బండి ముందుకు తోస్తుంది. అదే పనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. నాకొకసారి కాలిన వాసన వచ్చి, అరగంట పక్కన ఆపుకున్నాను. ఎక్కిన గేర్‌లోనే దిగండి. న్యూట్రల్ అసలు వద్దు.

రాత్రి ఆగాలంటే శిఖరం మీద కాకుండా, కింద ఊళ్లో అడిగి ఆపుకోండి. చలికాలమైతే రెండు దుప్పట్లు తప్పనిసరి.